తలకు మూడు వస్తువులు చాలు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. మేము వైద్యులం కాము, పాఠాలు చెప్పుకునే వాళ్ళం. అందుచేత గుండె జబ్బు, చక్కెర జబ్బు వంటి పెద్ద విషయాలు డాక్టర్లకే వదిలి, అందరి నెత్తిమీదా ఉన్న విషయాన్ని ఎంచుకున్నాము. అదే జుట్టు. తలకు నాలుగైదు రకాల సీసాలు వాడితే మేలా, ఒకటి రెండు వస్తువులతో సరిపెట్టుకుంటే మేలా అన్నది ప్రశ్న. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పు లేదు. కాని ఈ ప్రశ్నలో డబ్బు ఉంది, ఆరోగ్యం ఉంది, మన ఆడపిల్లల నెత్తురు కూడా ఉంది. ఎట్లాగో మనవి చేస్తాము.

ఒకప్పుడు మన ఇళ్ళలో తలకు కావలసిన సామాను ఎంత? డబ్బాలో కుంకుడుకాయలు, గిన్నెలో కొబ్బరినూనె, గోడ గూటిలో దువ్వెన. ఇప్పుడు షాంపూ వేరు, కండిషనర్ వేరు, మాస్క్ వేరు, సీరం వేరు, పెరగడానికి ఒక నూనె, రాలకుండా ఇంకొకటి, రంగు వేరు. ఫోనులో ఒక వీడియో చూస్తే చాలు, మరునాటికి ఇంకొక సీసా ఇంటికి వస్తుంది.

ముందు వెంట్రుక అంటే ఏమిటో చూద్దాం. చర్మం బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అది గోరు వంటిదే, కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన పోగు. ప్రాణమంతా చర్మం లోపలి కుదురులో ఉంటుంది. మనిషి నెత్తిన సుమారు లక్ష కుదుళ్ళు ఉంటాయి. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అట్లా రెండు మొదలు ఆరేళ్ళ దాకా పెరిగి, తరువాత రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకొని రాలిపోతుంది. ఆ కుదురులోనే మరొకటి మొలుస్తుంది. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం జబ్బు కాదు, అల్లాహ్ పెట్టిన ఏర్పాటు. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు చుట్టుకోగానే గుండె బాదుకోనక్కరలేదు.

మరి ప్రాణం లేని పోగుకు పైనుంచి పోషణ ఎట్లా అందుతుంది? నూలు చీరకు గంజి పెడితే బిగువుగా నిలుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. అంతమాత్రాన చీర బలిసింది అంటామా? సీసాలలోని పదార్థాలు చాలావరకు ఆ గంజి పనే చేస్తాయి. మెరుపు ఇస్తాయి, చిక్కు తీస్తాయి. అది అబద్ధం కాదు. కాని కుదురుకు తిండి పెట్టేది నెత్తురు, నెత్తురుకు తిండి పెట్టేది మనం తినే పళ్ళెం.

ఇక ఒక సీసా ఇంకొక సీసాను ఎట్లా పిలుస్తుందో చూడండి. ఘాటైన షాంపూతో రోజూ రుద్దితే మురికితోపాటు నెత్తిమీది సహజమైన జిడ్డు కూడా పోతుంది. జుట్టు గరుకెక్కుతుంది. ఆ గరుకు పోవడానికి కండిషనర్, సీరం. వాటిలోని సిలికోన్ పూత పొరలు పొరలుగా పేరుకుంటే జుట్టు బరువెక్కి వేలాడుతుంది. దాన్ని వదిలించడానికి మళ్ళీ ఘాటైన షాంపూ. ఒకటి ఊడ్చేది, ఇంకొకటి పూసేది. మధ్యలో ఖాళీ అయ్యేది మన జేబు.

షాంపూ అనే మాట మన దేశపు మాటే. చాంప్నా అనగా నొక్కుట, ఒత్తుట. దాని నుంచి వచ్చినదే మన చంపీ. పాట్నాలో 1759లో ముస్లిం కుటుంబంలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన విలాయతు వెళ్ళి, బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానాలతో ఒళ్ళు పట్టే స్నానశాల నడిపాడు. ఆయన 1851లో మరణించాడు. ఆంగ్లేయ రాజులు సైతం ఆయన సేవలు పొందారు. ఆ రోజుల్లో షాంపూ అంటే సబ్బు నురగ కాదు, మర్దనమే. మన చేతి పని పేరు సీసాకెక్కి, 1980లలో చిన్న చిన్న ప్యాకెట్లుగా మన పల్లెల కిరాణా కొట్లలో వేలాడింది.

అయితే పాతదంతా బంగారం, కొత్తదంతా విషం అని మేము అనడం లేదు. షాంపూ హరామూ కాదు, కుంకుడుకాయ ఫర్జూ కాదు. కుంకుడులో సపోనిన్ అనే నురగ పదార్థం సహజంగానే ఉంది. మంచిదే, కాని కంట్లో పడితే మంట. ఉదయం ఏడు గంటలకు పనికి పోయే ఆడమనిషికి కాయలు కొట్టి, నానబెట్టి, రసం తీసే తీరిక ఏదీ? ఆమె వారానికి రెండు మూడు సార్లు ఏదో ఒక మామూలు షాంపూ కొంచెం వాడుకుంటే సరిపోతుంది. పొడుగు జుట్టు, చిక్కుపడే జుట్టు ఉన్నవారు చివరలకు మాత్రం కాస్త కండిషనర్ రాసుకున్నా తప్పు లేదు. ఒంటి సబ్బుతో తల రుద్దడం మాత్రం మానాలి. సబ్బులో క్షారం ఎక్కువ. పైగా మన రాయలసీమ ఊళ్ళలో బోరునీళ్ళు చాలాచోట్ల చప్పన కావు, సబ్బు ఆ నీళ్ళతో కలిసి తెల్లటి మడ్డిగా జుట్టుకు అంటుకుంటుంది.

నూనె సంగతి. ముంబైలో ఒక నూనె కంపెనీ పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, ఖనిజ నూనెను పోల్చి 2003లో ఫలితాలు ప్రకటించారు. వెంట్రుకలోని మాంసకృత్తు కడుగుడులో కొట్టుకుపోకుండా కాపాడినది కొబ్బరినూనె ఒక్కటేనని తేలింది. అది వెంట్రుక లోపలికి ఇంకగలదు. నూనె అమ్మేవారి పరిశోధన గదా అని మీరు అనవచ్చు, అది గుర్తుంచుకోవలసిందే. కాని తలంటుకు ముందు నూనె రాయాలన్న మన నానీమాల పద్ధతికి అది సరిగ్గా సరిపోయింది. నీళ్ళు తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, ముందుగా నూనె ఉంటే ఆ ఉబ్బు తగ్గుతుంది. అంతవరకే. నూనె రాస్తే బట్టతల మీద కొత్త వెంట్రుకలు మొలుస్తాయనడానికి గట్టి రుజువు లేదు. చుండ్రు ఉన్నవారు అయితే నూనె తగ్గించాలి, చుండ్రుకు కారణమైన శిలీంధ్రానికి జిడ్డే ఆహారం.

దీన్ ఏమి చెబుతున్నది? రెండు వైపులా హద్దు చూపుతున్నది. జుట్టు ఉన్నవారు దాన్ని మర్యాదగా ఉంచుకోవాలని, చెదిరిన తలతో తిరగడం మంచిది కాదని హదీసులు తెలుపుతున్నాయి. అదే సమయంలో పొద్దస్తమానం తల దువ్వుకుంటూ కూర్చోవద్దని, రోజు విడిచి రోజు చాలునని కూడా వాటిలోనే ఉంది. ఎంత చక్కని ఏతెదాల్ చూడండి! పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీళ్ళు వృథా చేయవద్దన్న మతం మనది. సీసా సగం వాడి పారేసి ఇంకొకటి కొనడం ఇస్రాఫ్ కాదా? మనిషికి ఆఖరున చేయించే గుస్ల్‌కు ఏమి కావాలో మీకు తెలుసు. రేగు ఆకులు వేసిన నీళ్ళు, కాస్త కర్పూరం. అంతే. ఆ మాట గుర్తుంటే అంగడిలో చెయ్యి కొంచెం వెనక్కి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. తల్లులు దయచేసి వినాలి. "మా అమ్మాయికి జుట్టు ఊడిపోతోంది మాస్టారూ, ఏ నూనె మంచిది?" అని మమ్మల్ని అడుగుతుంటారు. నూనె పేరు చెప్పేముందు మేము ఎదురు ప్రశ్నలు వేస్తాము. గడచిన రెండు మూడు నెలల్లో పిల్లకు టైఫాయిడో, డెంగీయో వచ్చిందా? పొద్దున తిని బడికి వస్తోందా? మెట్లెక్కితే ఆయాసమా? కంటి కింది రెప్ప లోపల ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా?

పెద్ద జ్వరం తగిలిన రెండు మూడు నెలలకు, కాన్పు అయిన మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళుగా రాలడం సహజం. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చి తగ్గినవారు ఎందరో ఇది చూశారు. ఒంటికి బలం వస్తే ఆరేడు నెలల్లో తిరిగి వస్తుంది. ఆ మధ్యలో వాడిన సీసాకు ఆ పేరు దక్కుతుంది! రెండో కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువ. సగానికి పైగా అన్నమాట. ఒంట్లో ఇనుము చాలనప్పుడు శరీరం ముందు గుండెను, మెదడును చూసుకుంటుంది. జుట్టు దాని లెక్కలో ఆఖరిది. అందుచేత రాలే జుట్టు ఒక్కోసారి లోపలి నుంచి వచ్చిన చీటీ. ఆ చీటీ చదవకుండా దాని మీద నూనె పోస్తే ఏమి లాభం?

బడిలో వారానికొకసారి నీలి రంగు ఇనుము మాత్ర ఇస్తారు. కడుపులో తిప్పుతుందని పిల్లలు కొందరు చాటుగా పారేస్తారు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే ఆ బాధ తక్కువ. ఇంట్లో అడగండి. ఆకుకూర, పప్పు, గుడ్డు, వీలైనప్పుడు కలేజీ పెట్టండి. పైన నిమ్మకాయ పిండండి. భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ, అది తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి. నెలకు 300 రూపాయలు సీసాలకు పోతున్నాయనుకుందాం, ఏడాదికి 3,600. ఆ డబ్బుతో రోజుకొక గుడ్డు ఆ పిల్ల పళ్ళెంలో వేస్తే, దాని జుట్టుకే కాదు, చదువుకూ బలం.

ఎక్కువ వాడటంలో నష్టం డబ్బుతో ఆగదు. అసలైన మెహందీ ఎర్రగా పండుతుంది, దానికి కొన్ని గంటలు పడుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే "కాలీ మెహందీ"లో పి.పి.డి. అనే రసాయనం కలిపి ఉండవచ్చు. నల్లని తలరంగుల్లో చాలావాటిలో ఉండేదీ అదే. పడనివారికి ముఖం ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, బొబ్బలెక్కుతాయి. షాదీకి రెండు రోజుల ముందు దుల్హన్‌కు ఇట్లా అయితే ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. రంగు వేయక తప్పదనుకుంటే చెవి వెనుక చుక్క రాసి 48 గంటలు చూడండి. ఆ పొట్లాలు పిల్లలకు అందనీయవద్దు. మింగితే గొంతు వాచి ఊపిరాడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణం మీదికి వస్తుంది. జుట్టు తిన్నగా చేసే కొన్ని కెరటిన్ పూతల నుంచి, వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది మనుషుల్లో క్యాన్సరు కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

తక్కువ వాడమంటే అశ్రద్ధ చేయమని కాదు. పేలు పడితే మందు, పేల దువ్వెన రెండూ కావాలి. చుండ్రు ముదిరితే కీటోకొనజోల్ షాంపూ పనిచేస్తుంది. పిల్లల తలలో గుండ్రంగా పొట్టు రాలే మచ్చ ఉంటే అది తామర కావచ్చు, దానికి పైపూత చాలదు, డాక్టరు ఇచ్చే మాత్రలు వాడాలి. నాణెమంత మేర నున్నగా ఊడితే చర్మవైద్యుని చూడాలి. మగవారికి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు మినాక్సిడిల్ వంటి మందు కొందరికి పనిచేస్తుంది, మానేస్తే ఫలితమూ పోతుంది. అదీ డాక్టరు చెబితేనే. ఇవన్నీ ఫలానా జబ్బుకు ఫలానా మందు. రోజువారీ సామాను కాదు.

ఆడపిల్లలకు మరొక్క మాట. తడి జుట్టు ముడివేసి పైన స్కార్ఫు బిగించవద్దు. ఆరనిచ్చి, వదులుగా అల్లుకోండి. నుదుటి దగ్గర రోజూ లాగి కడితే అక్కడ జుట్టు పలచబడి, ఏళ్ళు గడిస్తే తిరిగి రాదు. దీనికి ఏ సీసా అక్కరలేదు, పిన్ను కొంచెం వదులు చేస్తే చాలు.

కాబట్టి మా మనవి ఇది. కడగడానికి ఒకటి, రాయడానికి ఒకటి, దువ్వడానికి ఒకటి. ఆరోగ్యమైన తలకు ఈ మూడు చాలు. నాలుగోది కొనేముందు, జుట్టు అడుగుతోందా, అంగడి అడుగుతోందా అని ఒక్క నిమిషం ఆలోచించండి.

సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. ఏటా రంజాన్‌లో రేషన్ సంచులు, జూన్‌లో నోటుపుస్తకాలు పంచుతున్నారు, జజాకల్లాహ్. ఈ ఏడు మన మహల్లాలోని ఆడపిల్లలకు, తల్లులకు రక్త పరీక్ష శిబిరం ఒకటి పెట్టండి. హిమోగ్లోబిన్ ఎంత ఉందో ఒక చుక్క రక్తంతో తెలుస్తుంది. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసే పని, ఆ రోజు వరుసలు చూసే పని మేము ఉపాధ్యాయులం చేస్తాము. తక్కువ ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపే పూచీ సంఘానిది. అక్కడ మొదలైతే జుట్టు సంగతి చాలావరకు అదే సర్దుకుంటుంది.