ఒప్పందంలో మన వాటా ఏది?

(చదువుల కేంద్రంలో అక్కచెల్లెళ్ళ ముందు చేసిన ప్రసంగం)



అన్నాలు వండి, పిల్లలకు పెట్టి వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ మధ్య మీరు ఒక మాట వింటా ఉన్నారు. 'ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం' అని. పేపర్లో కూడబలుక్కుని చదివి, "ఇదేందక్కా?" అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. నోరు తిరగని మాట. కానీ విషయం మీకు తెలిసిందే.

సముద్రం మీద నుంచి పడవ వస్తుంది. చేపలు అమ్ముతారు. ఖర్చు తీసేస్తారు. మిగిలిన డబ్బు వాటాలు వేస్తారు. పడవకు ఒక వాటా. వలకు ఒక వాటా. కష్టపడిన మనుషులకు వాటా. ఈ లెక్క పడవ కదలక ముందే అనుకుంటారు. ఒడ్డుకు వచ్చాక అనుకుంటే కొట్లాటే గదా!

ప్రభుత్వమూ కంపెనీ కలిసి చేసే పని కూడా ఇట్లాంటిదే. ప్రభుత్వం చేతిలో భూమి ఉంటుంది, అధికారం ఉంటుంది. కంపెనీ డబ్బు తెస్తుంది. సొంత డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత. ఇద్దరూ కాగితం రాసుకుంటారు. దాన్నే ఒప్పందం అంటారు. ఎన్నేళ్ళు నడపాలి, ఎవరికి ఎంత రావాలి, అంతా అందులో ఉంటుంది.

తడ నుంచి నెల్లూరు దాకా పెద్ద రోడ్డు చూశారు గదా. దాన్ని ఇట్లాగే కంపెనీ నాలుగు వరసలుగా వేసింది. పెట్టిన డబ్బు రాబట్టుకునేందుకు సూళ్ళూరుపేట, బూదనం, వెంకటాచలం దగ్గర గేట్లు పెట్టారు. "మాకు కారు లేదు, గేటుతో మాకేం పని?" అనుకోవద్దు. బస్సు టికెట్టు తీసి చదవండి. గేటు డబ్బు అందులోనే కలిసి ఉంటుంది.

108 బండి సంగతీ ఇంతే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలయింది. బండ్లు నడిపేది ప్రైవేటు సంస్థ. ఖర్చుకు డబ్బు ఇచ్చేది ప్రభుత్వం. నడిపే సంస్థలు మారాయి, నంబరు మారలేదు. అర్ధరాత్రి నొప్పులు పడే మనిషికి ఆ బండి ఎంత గొప్పదో మీకు నేను చెప్పాలా? కాబట్టి ప్రైవేటు అనగానే చెడ్డది అనను.

ఇప్పుడు మన ఒడ్డునే ఉన్న కృష్ణపట్నం రేవు సంగతి చూద్దాం. అక్కడ రేవు పాతకాలం నుంచీ ఉంది. పెద్ద ఓడలు వచ్చే కొత్త రేవు కోసం 2004 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం నవయుగ వాళ్ళ కంపెనీతో ఒప్పందం రాసుకుంది. 2008 జులైలో ఆ రేవు మొదలయింది. గడువు 30 ఏళ్ళు. ఆపైన ఇంకో 20 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. మొత్తం 50 ఏళ్ళు. అప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్ల, గడువు తీరేసరికి అవ్వ అయిపోతుంది!

మరి వాటా ఎంత? రేవుకు 100 రూపాయల ఆదాయం వస్తే, మొదటి 30 ఏళ్ళూ ప్రభుత్వానికి ఇచ్చేది 2 రూపాయల 60 పైసలు. తర్వాతి పదేళ్ళు 5 రూపాయల 20 పైసలు. చివరి పదేళ్ళు 10 రూపాయల 40 పైసలు. పలకలు తీయండి, లెక్క వేయండి. ఇప్పటి వాటా ప్రకారం వెయ్యికి ఎంత? 26 రూపాయలు. లక్షకు 2,600.

"డబ్బు పెట్టింది మేము, ఓడలు రాకపోతే నష్టం మాది" అని ఏ కంపెనీ అయినా అంటుంది. అందులో నిజం ఉంది. ప్రభుత్వం ఒక్కటే కట్టాలంటే ఎన్నేళ్ళు పట్టేదో. నాకు మాత్రం ఆ వాటా తక్కువే అనిపిస్తుంది. మీరు వేరుగా అనుకోవచ్చు. అనుకోవాలంటే ముందు అంకె తెలియాలి గదా. అందుకే చెప్పాను.

ఇంకో సంగతి. 2020లో కొంత, 2021లో మిగతాది, ఆ రేవును అదానీ కంపెనీ కొనేసింది. ఒప్పందం రాసుకున్న కంపెనీ ఒకటి, ఇప్పుడు నడిపే కంపెనీ ఇంకొకటి. మాట ఇచ్చిన మనిషి మారిపోతాడమ్మా. కాగితం మారదు. నోటితో ఇచ్చిన మాట కాగితంలో లేకపోతే, కొత్తగా వచ్చినాయనను ఏమని అడుగుతాం?

ఈ పాఠం మా ఇంట్లో మేము డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాం. రొయ్యల గుంటలు జోరుగా తవ్వే రోజుల్లో మా అమ్మ ఎకరం చేను కౌలుకు ఇచ్చింది. "మూడేళ్ళే అమ్మా" అన్నాడు ఆయన. అమ్మ వేలిముద్ర వేసింది. నాలుగో ఏడు చేను అడగబోతే కాగితం చూపించాడు. అందులో తొమ్మిదేళ్ళు అని ఉంది. చేను చేతికి వచ్చేసరికి ఉప్పు పేరుకుపోయింది. గడ్డి కూడా మొలవలేదు. నేను చదువు చెప్పే పనిలోకి రావడానికి ఆ వేలిముద్ర ఒక కారణం.

ఇంత చెప్పినా, ప్రభుత్వమూ ప్రైవేటు కలవడం ఈనాటిది కాదు. మన జిల్లాలో పాత ముచ్చట ఒకటి ఉంది. సారా వేలం. ప్రభుత్వం సారా అమ్ముకునే హక్కును వేలం వేసేది. కాంట్రాక్టరు పాడుకునేవాడు. ప్రభుత్వానికి ఆదాయం, కాంట్రాక్టరుకు లాభం. ఇద్దరికీ బాగానే ఉంది. తన్నులు మాత్రం ఎవరికి? ఆ లెక్కలో మన పేరే లేదు. అప్పుడు దూబగుంటలో, చుట్టుపక్కల ఊళ్ళలో, రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్ళే లేచారు. 1992లో కొట్లు మూయించారు. వేలం పాటలకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. ఇద్దరు రాసుకున్న బేరంలోకి మూడో మనిషి వచ్చి నిలబడితే ఏమవుతుందో నెల్లూరు ఆడవాళ్ళు చూపించారు.

రేవు సారా లాంటిది కాదు. దానివల్ల పని వస్తుంది, లారీలు తిరుగుతాయి. కానీ అడగాల్సినవి ఉంటాయి. పడవలు ఎక్కడ పెట్టుకోవాలి? ఏటి ముఖం దాటి సముద్రంలోకి ఎట్లా పోవాలి? చేపలు ఆరబెట్టే దిబ్బ పోతే ఆడవాళ్ళకు పని ఏది? ఇల్లు పోతే మగవాడు అడుగుతాడు, పడవ పోతే అడుగుతాడు. దిబ్బ సంగతి మనమే అడగాలి. దానికి పట్టా లేదు. పట్టా లేనిదాన్ని లెక్కలోకి తెప్పించడం కష్టం.

ఎక్కడ అడగాలంటారా? రేవులు, కరెంటు ఫ్యాక్టరీల వంటివి కట్టే ముందు 'ప్రజాభిప్రాయ సేకరణ' అని సభ పెడతారు. 2006లో వచ్చిన నియమాల ప్రకారం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. సభ జరిపేది కలెక్టరు, లేదా ఆయన పంపిన పెద్ద అధికారి. మనం చెప్పింది రాసుకోవాలి. సభ చివర, రాసింది తెలుగులో చదివి వినిపించాలి. అప్పటిదాకా లేవొద్దు. బస్సు పోతుందని, పిల్లలు ఏడుస్తారని ముందే వచ్చేస్తే, దిబ్బ మాట రాశారో లేదో ఎవరు చూస్తారు?

జరిగిపోయిన ఒప్పందాల గురించి కూడా అడగొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. పంచాయతీ ఆఫీసులో అయితే రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, పై ఆఫీసుల్లో 10 రూపాయలు. పేదరికపు గీత కింద ఉన్నవాళ్ళకు ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పెద్ద కంపెనీలు లాభంలో నూటికి 2 రూపాయలు జనం మేలు కోసం ఖర్చు పెట్టాలని 2013 చట్టంలో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళకు ముందు చూడాలని కూడా ఉంది. నీళ్ళ ప్లాంటు పెడితే దండ వేసి దణ్ణం పెడతాం. దండ వేయండి, తప్పు లేదు. కానీ అది దానం కాదు. చట్టం చెప్పిన ఖర్చు.

సరే, పొద్దుపోయింది. రేపు రాత్రి అందరూ ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చుకోండి. మన మండలంలో ఏ ఏ కంపెనీ ఏ ఊరికి ఎంత ఖర్చు పెట్టిందో అడుగుతూ దరఖాస్తు రాద్దాం. నేను చెప్తాను, మీరు రాయండి. అక్షరం వంకర పోయినా ఫరవాలేదు. కింద సంతకం మాత్రం మీదే ఉండాలి.