బాప్తిస్మం పేరు, సర్టిఫికెట్ పేరు



బిషప్ అజరయ్య గారి స్మృతిలో మాట్లాడమన్నారు. ఆయన పేరెత్తగానే మనవాళ్లు డోర్నకల్ కెథడ్రల్ దగ్గరే ఆగిపోతారు. కట్టడం గొప్పదే, కాదనను. నేను మాత్రం ఆయన వద్దన్న ఒక వరం గురించి చెప్పదలచాను.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. భారతీయ క్రైస్తవులకూ అందులో ప్రత్యేక నియోజకవర్గాలు దక్కాయి. అంటే క్రైస్తవుల ఓట్లతో క్రైస్తవుడే గెలుస్తాడు. దీని మీద మనవాళ్లలోనే ఒక మాట లేదు. అంతకుముందు రౌండ్ టేబుల్ సమావేశాల్లోనే కె.టి.పాల్, ఎస్.కె.దత్తా వద్దన్నారు, పన్నీర్‌సెల్వం కావాలన్నారు. అజరయ్య గారు వద్దన్నవారి పక్షం.

ఆయన తిరునెల్వేలి తమిళుడు. 1909లో నిజాం ఇలాకాలోని డోర్నకల్ వచ్చి, తెలుగు మాట్లాడే మాల, మాదిగ పల్లెల మధ్య పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. సంఘమంటే మరో కులం కాదన్నది ఆయన పట్టుదల. బాప్తిస్మాన్ని ఓటర్ల జాబితాతో ముడిపెడితే పక్కింటివాడికి ప్రతి బాప్తిస్మంలోనూ తమవైపు తగ్గిన ఒక ఓటే కనిపిస్తుంది. విశ్వసించి వచ్చినవాడిని కూడా లెక్క కోసం వచ్చాడనే అంటారు. 1935లో అంబేడ్కర్ యేవలాలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక అన్ని మతాల పెద్దలూ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టిన తీరు చూస్తే అజరయ్య గారి భయం ఎంత నిజమో తెలుస్తుంది.

ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు. 1949లో రాజ్యాంగ సభ మతపరమైన రిజర్వుడు స్థానాలు వద్దనుకుంది. ముందుండి వద్దన్నవారిలో సభ ఉపాధ్యక్షుడు, క్రైస్తవుడైన హెచ్.సి.ముఖర్జీ ఒకరు. ఇంతవరకు మన చరిత్ర పుస్తకాలు గర్వంగానే రాస్తాయి. నా పేచీ ఆ తరువాతి ఏడాదితో.

1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడు, ముస్లిం బయటే ఉండిపోయారు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలను బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఫలితం మీ అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఆదివారం ప్రభుదాసు అని పిలిపించుకున్న కుర్రవాడు సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో మరో పేరు చెప్పి హిందూ మాదిగ అనో హిందూ మాల అనో రాయించుకుంటాడు. పల్పిట్ మీద నిలబడి అతన్ని అబద్ధికుడనడం సులువు. అలా అనేవారిలో ఎక్కువమందికి ఆ సర్టిఫికెట్ అవసరం పడలేదు.

1985 జులైలో కారంచేడులో మాదిగల మీద పడినవాళ్లు నీది ఏ మతమని అడగలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. నలభై ఏళ్ల తరువాత, 2025లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కులం పేరుతో తిట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. తిట్టేవాడికి గుర్తున్న కులం చట్టానికి కనబడకుండా పోయింది.

ఎస్సీ హోదా అడిగితే మనమూ ఓటు బ్యాంకు అయిపోమా అని కొందరు అజరయ్య గారినే అడ్డుపెడతారు. 1932లో ఇవ్వజూపింది క్రైస్తవుడైనందుకు ఒక మేలు. 1950లో చేసింది క్రైస్తవుడైనందుకు పేదవాడికి దక్కాల్సింది దక్కకుండా చేయడం. మొదటిదాన్ని కాదన్నవాడే రెండోదాన్ని ఎదిరించాలి. మన పెద్దలు మొదటి పని చేసి, దాని పేరు చెప్పి రెండో పని విషయంలో చాలాకాలం మెత్తబడ్డారు.

మేళ్లు పుచ్చుకోవడంలో మాత్రం మొహమాటం లేదు. హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం పెట్టే క్రిస్మస్ విందుకు వెళ్తాం. ఆంధ్రలో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటిస్తే వరసలో నిలబడ్డాం. ఎన్నికల ముందు అభ్యర్థికి ఆరాధన మధ్యలో మైకు ఇస్తాం. అజరయ్య గారు వద్దన్నది ఇదే. అప్పుడది శాసనసభ సీటు, ఇప్పుడు కేకు ముక్క.

ఇంకొక చిక్కుంది. ప్రసంగంలో కులం లేదంటాం, ఎస్సీ హోదా కోసం పెట్టే అర్జీలో కులం ఉందంటాం. అర్జీయే నిజం. డయాసిస్ ఎన్నికల్లో ప్యానెళ్లు ఏ లెక్కన కూడుతున్నాయో ఈ హాలులో తెలియనివారు లేరు. సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగేది ఏమిటో కూడా తెలుసు. సంఘంలోనూ కులం చావలేదని ఒప్పుకుంటేనే మన అర్జీకి బలం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతం షరతు తీసేయమంది. 2022లో అదే విషయం చూడమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు. కమిషన్ల ముందు చెప్పే మాట ముందు మన కౌన్సిల్లో చెప్పాలి.

సంఘ పెద్దలకు నా మనవి ఇది. వచ్చే ఎన్నికల్లో ఏ పార్టీ అభ్యర్థికీ ఆరాధనలో మైకు ఇవ్వకండి. కులం లెక్కన వేసిన ప్యానెల్‌కు, అది మీ కులానిదైనా, ఓటు వేయకండి. రెండు పేర్లతో బతుకుతున్న ఆ కుర్రవాడిని ప్రభువు బల్ల దగ్గర నిలదీయకండి. అతని తరఫున కలెక్టరు ఆఫీసుకు మీరు వెళ్లండి.