వికలాంగ బిడ్డల వైద్య బీమా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



వికలాంగ బిడ్డలున్న తల్లిదండ్రులు నన్ను తరచు అడిగేది ఒకటే. "ఇన్సూరెన్సు వాళ్లు మూడేళ్లు ఆగమంటున్నారు. అందాకా ఏం చేయాలండీ?" నిజమే. 2024 నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బుకు మామూలు పాలసీలో 3 ఏళ్ల వరకు గడువు పెట్టవచ్చు. అది విని కొందరు జబ్బు దాచి ఫారం నింపుతున్నారు. అలా చేయకండి. బయటపడితే కట్టిన డబ్బూ పోతుంది, మాటా పోతుంది.

ఆ గడువు లేని దారి ఒకటుంది. 1999 నాటి చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్టు వారి 'నిరామయ' పథకం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1 లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి. వయసుతో నిమిత్తం లేదు. ముందుగా వైద్య పరీక్ష లేదు. పాత జబ్బని తోసిపుచ్చరు. మందుల బిల్లులు, థెరపీ బిల్లులు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

కావలసింది వైకల్య ధ్రువపత్రం. ఏటేటా రెన్యూవలు మరవకూడదు. రుసుము కట్టలేని వారికి మన సంఘమే కట్టాలని నా మనవి.

బిడ్డను నలుగురిలో దాచితే హక్కు కూడా దాగిపోతుంది. అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.