బొగ్గా? అణువా? తండాను అడిగారా?



దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల్లో మీకిచ్చే వ్యాసమే ఇది: కొత్త కరెంటుకు బొగ్గు మేలా, అణువు మేలా? అణు కేంద్రం పొగ వదలదని రాస్తారు. నిజమే. యురేనియం ఎక్కడ తవ్వుతామన్నారో కూడా రాయండి.

ఎల్బీనగర్‌లో సాగర్ బస్సెక్కితే లంబాపూర్, పెద్దగట్టు ఆ దారిలోనే. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మనవాళ్లు వద్దన్నారు. మీ హాస్టల్ కుళాయికి వచ్చే కృష్ణా నీళ్లు ఆ సాగర్‌వే! 2019లో నల్లమల చెంచుల వంతు. అసెంబ్లీ తవ్వొద్దని తీర్మానించింది.

పోనీ, బొగ్గు? దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం మన తండాల పక్కనే లేచింది. బొగ్గు మండితే బూడిద మిగలక తప్పదు.

మమ్మల్నడిగితే, ఏదైనా సరే, ముందు గ్రామసభ తీర్మానం చూపించమంటాం. పండక్కి ఊరెళ్లినప్పుడు పెద్దగట్టు పెద్దలు ఆ రోజు ఏం మాట్లాడారో రాసుకురండి.