ఇల్లు బండియైనపుడు



ఇల్లు కదలదనియు, బండి నిలువదనియు మన పెద్దలు తలచిరి. ఆ రెండింటిని ఒక్కటిగా జేసిన వాహనములు అమెరికా రహదారులమీద లక్షలకొలది తిరుగుచున్నవి. వానిని మోటారు హోములందురు. వంటగది, పడకగది, స్నానపుగది, నీళ్లతొట్టి, ఇవన్నియు ఒక లారీ చట్రముమీద నెక్కించినచో మోటారు హోమగును. అందు కాపురము చేయుట సుఖమే. దానిని తిన్నగా నడుపుట మాత్రము సుఖము కాదు. ఆ నడకను చక్కజేసికొనుట యెట్లన్నదే నేటి నా ప్రసంగ విషయము. ఈ విద్యను నేను పుస్తకములవలన గాక పొరపాట్లవలన నేర్చితిని. కావున ముందుగా నా పొరపాటునే మనవి చేసికొందును.

ఉద్యోగమునుండి విరమించిన పిమ్మట నేనును నా భార్యయు టెక్సాసు రాష్ట్రమున ఇట్టి వాహనము నొకదానిని, ఇతరులు వాడినదానిని, కొంటిమి. పొడవు 34 అడుగులు; ఎత్తు 12 అడుగులు. మొదటి దూరప్రయాణమున ఇంటర్‌స్టేట్ 40 అను రహదారిమీద అమరిల్లో పట్టణము దాటి పడమరగా పోవుచుంటిమి. అచ్చట చెట్టు లేదు, గుట్ట లేదు. గాలికి అడ్డమే లేదు. ఎడమప్రక్కనుండి ఈదర కొట్టుచుండెను. ఇంతలో ఒక పెద్ద లారీ మమ్ము దాటబోయెను. మొదట మా వాహనపు వెనుకభాగము కుడికి జరిగెను. మరుక్షణమున ముందుభాగము కుడికి త్రోయబడెను. లారీ దాటిపోవుచుండగా మరల ఎడమకు లాగబడితిమి. నేను చక్రము నిటునటు త్రిప్పిన కొలదియు ఊపు హెచ్చెను గాని తగ్గలేదు. నా భార్య రెండు చేతులతో పిడిని పట్టుకొని, "ఏమండీ, ఇల్లన్నారని ఎక్కాను, ఇది పడవలాగున్నది. ఎక్కడైనా ఆపండి, నేను బస్సులో వస్తాను" అనెను. ఆమె పరిహాసమాడుట లేదని ముఖము చూచి గ్రహించితిని. ఆ రాత్రి మాకు మాటలు లేవు.

తరువాతి పట్టణమున ఒక దుకాణమువారు వెనుక ఇరుసుమీద గాలిసంచులు బిగించుకొమ్మని సలహా చెప్పిరి. రబ్బరు సంచులలో గాలి నింపి కమాను పట్టీలకు తోడుగా నిలుపుదురు. భయము మీదనున్నవాడు వెల యడుగడు. బిగింపించితిని. క్రుంగియున్న వెనుకభాగము పైకి లేచెను. చూపునకు బండి నిటారుగా నిలిచెను. కాని మరునాడు రహదారి యెక్కగానే దాని తూలుడు తగ్గకపోగా కొంత హెచ్చినట్లు తోచెను. కారణము అప్పుడు తెలియలేదు.

ఆ సాయంకాలము విడిదిస్థలమున ప్రక్క బండిలో ఒక వృద్ధుడుండెను. ముప్పదియేండ్లు లారీ నడిపినవాడట. నా గోడంతయు విని ఆయన ఒక్కటే ప్రశ్న యడిగెను: "మీ బండి బరువెంత?" నేను తెల్లబోయితిని. కొన్నవెల చెప్పగలను, పొడవు చెప్పగలను, బరువు చెప్పలేకపోతిని. "బరువెరుగక మందు వేయించుకొన్నారు" అని ఆయన నవ్వెను.

మరునాడు లారీలు తూచు కాటామీద బండి నెక్కించితిని. అమెరికాలో రహదారి ప్రక్కనుండు లారీల విడుదులలో ఇట్టి కాటాలు పెక్కు కలవు. ఏ ఇరుసుమీద ఎంత బరువున్నదో వేరువేరుగా అచ్చువేసి ఇత్తురు. చీటి చూడగా మొత్తము బరువు చట్రపు పలకమీద వ్రాసిన మితిలోపలనే యున్నది. కాని వెనుక ఇరుసు తన మితిని 200 పౌనులు దాటినది. ముందు ఇరుసు మితికి మిక్కిలి తక్కువగా మోయుచున్నది. బరువు హెచ్చుట గాదు, బరువు తప్పుచోట నుండుటయే జబ్బు.

మన పల్లెలలో రెండెడ్ల బండి తోలినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. వెనుకకు బరువెక్కిన బండికి కాడి పైకి లేచును. ఎద్దుల మెడలమీద పట్టుండదు. మోటారు హోమునకు ముందు చక్రములే ఎద్దులు. వెనుక ఇరుసునకు 10 అడుగుల వెనుక 300 పౌనులు పెట్టితిమనుకొనుడు. ఇరుసుల నడుమ దూరము 20 అడుగులు. త్రాసు లెక్కప్రకారము వెనుక ఇరుసుమీద 300 గాక 450 పౌనులు పడును. ముందు ఇరుసునుండి 150 పౌనులు లేచిపోవును. నేలమీద బరువాననిచో ముందు చక్రము త్రిప్పిన వైపునకు గట్టిగా పట్టదు.

మా బండి తోకయందలి అరలో ఏమున్నదో తీసి చూచితిని. నా పనిముట్ల పెట్టె, పుస్తకములు, పిండి రుబ్బు రాతి గ్రైండరు, 20 పౌనుల బియ్యపు బస్తాలు మూడు, ఆవకాయ జాడీలు! అన్నియు కలసి సుమారు 300 పౌనులు. వానిని ఇరుసుల నడుమనున్న అరలోనికి మార్చితిని. అచ్చట పెట్టిన బరువును రెండిరుసులును సమముగా, చెరి 150 పౌనుల చొప్పున, పంచుకొనును. ఒక్క కాసు వ్యయము లేక వెనుక 300 పౌనులు తగ్గెను, ముందు 300 పౌనులు పెరిగెను. నీళ్లతొట్టి సంగతియు తలచుకొనవలయును. ఒక అమెరికా గ్యాలను నీరు సుమారు 8.3 పౌనులు తూగును. 50 గ్యాలనులు 400 పౌనులకు మించును. ఆనాటికి కావలసినంత నీటినే మోయుట మేలు.

బరువు తెలిసిన పిదప టైర్ల గాలి. టైరు ప్రక్కన అచ్చువేసిన హెచ్చు గాలిని నింపుట మంచిదని నేను భ్రమపడితిని. అది టైరు మోయగల హెచ్చు బరువునకు తగిన గాలి. తేలికగా నున్న ముందు ఇరుసునకు అంత గాలి నింపినచో టైరు ఉబ్బి, నడిమి భాగమే నేలనానును; బండి గీత వెంబడి పోక తచ్చాడును. టైర్లు చేయువారు ఏ బరువునకెంత గాలియో పట్టికలు ప్రకటింతురు. ఇరుసు రెండు ప్రక్కలలో బరువైన ప్రక్కను లెక్కకు దీసికొని, రెండు ప్రక్కలను ఒకే గాలి నింపవలయును. గాలి తక్కువయైనచో టైరు వేడెక్కి పగులును. కావున పట్టికకు తక్కువ ఎన్నడును పనికిరాదు.

ఇప్పుడు గాలిసంచులు నన్నేల మోసగించెనో చెప్పెదను. సైకిలు ముందుచక్రపు ఫోర్కు నిట్టనిలువుగా నుండదు, వాలుగా నుండును గదా! మోటారు బండి ముందు చక్రములకును అట్టి వాలు కలదు. దానిని కాస్టర్ కోణమందురు. త్రిప్పిన చక్రము తనంతట తాను తిన్నగా వచ్చుటకు అదియే ముఖ్యకారణము. వెనుకభాగము నెత్తినపుడు బండి ముందునకు వాలి, ఆ కోణము తగ్గినది. చక్రమునకు తిన్ననగు స్వభావము మరింత సన్నగిల్లినది. సంచి చెడ్డది కాదు. దానిని వేసినవాడు పిమ్మట కోణము చూపించుకొనలేదు. బరువు సరిచేసిన తరువాత సంచులలో గాలి తగ్గించి, ఎత్తును మునుపటికి దెచ్చి, అలైన్‌మెంటు చేయించితిని. తూలుడు చాలవరకు అంతటితో పోయినది.

ఇంతవరకు క్రొత్త భాగము లేవియు కొనలేదని గమనింపుడు. ఇక కొనదగినవానిని గూర్చి చెప్పెదను. బండి దుర్గుణము లన్నియు ఒకటి కావు. దేనికేది మందో యెరిగి వాడవలయును.

మొదటిది ప్రక్కలకు ఒరుగుట. పెట్రోలు బంకులోనికి మెరక యెక్కి తిరుగునప్పుడు అలమారలు తెరచుకొని గిన్నెలు పడుట దీని గురుతు. దీనికి యాంటీ రోల్ బారు మందు. అది రెండు కొసలను వంగిన ఉక్కు కడ్డీ. నడుమ ఇరుసునకును, కొసలు చట్రమునకును తగిలింతురు. రెండు చక్రములును ఒక్కమారు లేచినచో అది ఊరక తిరుగును. ఒక్కటే లేచినచో మెలిపడి ఎదిరించును. ఇట్టి కడ్డీకి 1919 సంవత్సరమున కెనడా దేశస్థుడగు స్టీఫెన్ కోల్మన్ పేటెంటు పొందెను. గుండ్రని కడ్డీ మెలికనెదిరించు బలము దాని మందముయొక్క నాల్గవ ఘాతమును బట్టి యుండును. మందము పదింట నొకవంతు పెంచిన, బలము నూటికి 46 వంతులు పెరుగును. చేయి పొడవు తగ్గించినను బిగువు హెచ్చును; పదింట నొకవంతు తగ్గించినచో సుమారు నూటికి 23 వంతులు. కడ్డీ కొసయందు రెండు రంధ్రములున్న చట్రములపై లింకును లోపలి రంధ్రమునకు మార్చి, చవుకగా ఈ లాభమును పొందువారు కలరు. అయితే బిగువు హెచ్చినకొలది ఒక చక్రము గుంటలో పడిన కుదుపు రెండవ చక్రమునకును అందును. లోపలివారి తలలు ఊగును.

రెండవది తోక జాడించుట. పెట్రోలు ఇంజనుగల పెద్ద మోటారు హోములలో పెక్కింటికాధారమగు ఫోర్డు ఎఫ్-53 వంటి చట్రములలో ఇరుసును కమాను పట్టీలే మోయుచు, వాని చోటున నిలుపుచుండును. ప్రక్కగాలి తగిలినపుడు పట్టీలును వాని కొసలనున్న రబ్బరు బుష్షులును కొంత సాగి, చట్రము ఇరుసుమీద ప్రక్కకు జరుగును. దీనికి ట్రాక్ బారు మందు. ఒక కొస ఇరుసునకు ఒక ప్రక్కను, రెండవ కొస చట్రమునకు ఆవలి ప్రక్కను బిగించిన ఈ కడ్డీ, మీదికి క్రిందికి కదలనిచ్చును, ప్రక్కకు జరుగనీయదు. ఫ్రాన్సు దేశపు పన్హార్డ్ సంస్థ పేర దీనిని పన్హార్డ్ రాడనియు వ్యవహరింతురు. లారీలు దాటునప్పటి మా వెనుకభాగపు జారుడును తగ్గించినది ఇదియే.

మూడవది ఎగురుట. వంతెన అతుకు దాటిన పిమ్మటను బండి రెండు మూడు మారులు ఎగిరెనేని షాక్ అబ్సార్బర్లు అరిగినవని యెరుగవలెను. కమాను పట్టీ దెబ్బను దాచుకొని తిరిగి ఇచ్చును. షాక్ అబ్సార్బరు నూనెను సన్నని రంధ్రములగుండ త్రోసి ఆ శక్తిని వేడిగా మార్చి ఆర్పివేయును. అది బరువు మోయదు, మోయుననుకొనుట పొరపాటు. హాలెండు దేశపు కోనీ సంస్థవారు త్వరిత కంపములకు మెత్తగాను, నెమ్మది ఊపులకు గట్టిగాను పనిచేయు రకమును చేయుచున్నారు.

నాల్గవది స్టీరింగు డ్యాంపరు. ముందు టైరు పగిలినపుడు చక్రము చేతినుండి లాగికొనిపోకుండ అది సాయపడును. కాని అరిగిన కీళ్లను మార్చక దీనిని బిగించుట, పంటినొప్పికి మత్తుమందు మ్రింగుట వంటిది.

ఒక హెచ్చరిక. ఇవన్నియు బిగించినను చట్రపు పలకమీది మితి ఒక్క పౌను పెరుగదు. ఇరుసు, బ్రేకులు, టైర్లు, చట్రము, ఇవన్నియు కలసి ఏర్పడిన మితి అది. గాలిసంచి బండిని ఎత్తిచూపును గాని బ్రేకునకు బలమియ్యదు. వెనుకభాగము నిటారుగా నున్నందున బరువు సరిపోయినదని భ్రమించుటయే అన్నింటికంటె ప్రమాదకరము. మరియు ఒకేమారు నాలుగు భాగములు మార్చకుడు. ఒకటి మార్చి, అదే రహదారిమీద నడిపి చూచి, పిమ్మట రెండవది. లేనిచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

ఆరు నెలల తరువాత అదే రహదారి మీద పోవలసివచ్చెను. నా భార్య ముందుగనే, "మూడు లారీలు దాటేవరకు చూస్తాను, తరువాత చెపుతాను" అని షరతు పెట్టెను. మూడు లారీలు దాటెను. నాల్గవదానికి ఆమె పిడి విడిచి, కన్నులు మూసికొని కునుకుచుండెను. నాకు అంతకంటె యోగ్యతాపత్రమక్కరలేదు.

కాని మధ్యాహ్నమునకు గాలి హెచ్చెను. వేగము 65 మైళ్లనుండి 55 మైళ్లకు తగ్గించితిని. టైరు పగిలినను, హఠాత్తుగా ఆపవలసివచ్చినను బండి మోయు శక్తి వేగపు వర్గమును బట్టి యుండును. ఆ పది మైళ్లతో అది నూటికి 28 వంతులు తగ్గును. అదియు చాలకపోగా విశ్రాంతిస్థలమున ఆపివేసితిని. మెలకువ వచ్చి ఆమె, "బాగుపడిందన్నారుగా, ఆపారేం?" అని యడిగెను. బాగుపడినది బండి గాని గాలి కాదని చెప్పితిని. ఆమె లేచి పొయ్యి వెలిగించెను. గాలి తగ్గువరకు మా ఇల్లు ఇల్లుగానే నిలిచియుండెను.