తులసితీర్థము – నర్సు మాట



చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదములను చరకసంహిత చెప్పినది. పరిచారకునికి ఉపచారజ్ఞానము, దక్షత, తాను సేవించువానియందు అనురాగము, శుచిత్వము ఉండవలెనని అచ్చటనే కలదు. అంత్యదశలోని రోగులను ఇంటికే వచ్చి చూచు నర్సులయందు నేడు ఈ నాలుగును కనుచున్నాము. 1993లో కేరళమున కోళిక్కోడునందు ఆరంభమైన ఇట్టి ఉపశమనసేవ క్రమముగా ఆ రాష్ట్రపు పల్లెలకును చేరినది. నర్సు పుండ్లు కడిగి కట్టును. రోగిని వేళకు ఒత్తిగిలజేయుట ఇంటివారికి నేర్పును. వైద్యుడు వ్రాసిన మార్ఫిన్ వేళ తప్పకుండ చూచును. (ఆ పేరు వినగానే మనవారు బెదరుదురు. తగిన మోతాదున అది బాధను తగ్గించునే గాని ఆయువును కోయదు.)

మనలను కలవరపెట్టు మాట వేరొకటి కలదు. మ్రింగలేని రోగి నోట నీరు పోయవద్దని ఆమె వారించును. “కడపటి తులసితీర్థమునకును అడ్డమా?” అని బంధువులు కోపగింతురు. స్పృహ లేనివాని గొంతున పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోయి ఉక్కిరిబిక్కిరి చేయును. దూదిని తీర్థమున తడిపి పెదవులకు అద్దుడని ఆమెయే చెప్పును. ఆచమనమునకు మినపగింజ మునుగునంత నీరు చాలునన్నది మన శాస్త్రమే కదా! పెదవి తడిసిన చాలదా?

అద్దినపిమ్మట ఒక్కరే చెవి చెంత నామము చెప్పుడు. పదిమంది మంచము చుట్టు మూగినచో ఆమె పని సాగదు.