ఫసలీ లెక్కల్లో మన ఊళ్లు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

క్లాసులో నేను బోర్డు మీద కొన్ని మాటలు రాస్తుంటాను: జిల్లా, తహశీల్దారు, రైతు, ఖరీఫ్, రబీ, ఇనాం, జమాబందీ. ఇవి ఏ భాషవి అంటే పిల్లలంతా "తెలుగు" అంటారు. వాళ్లన్నది తప్పు కాదు. అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చి మన పొలాల్లో వేళ్లూనిన మాటలవి. గోల్కొండ ఫౌజుదారులు శ్రీకాకుళంలో ఉండి శిస్తు వసూలు చేసిన సీమ ఇది. రెవెన్యూ ఏడాదిని ఇప్పటికీ ఫసలీ అనే అంటారు. జూలై 1న మొదలవుతుంది. ఆ ఏటి అంకె నుంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది.

మాటలు మనకు చుట్టాలే. ఆ ఆఫీసుల గడప తొక్కేది మాత్రం మనలో ఎందరు?

ఈ చుట్టుపక్కల పల్లెలు చాలావరకు జమీందారీవి. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి 1948 ఎస్టేటుల రద్దు చట్టంతో పోయింది. కరణం మాత్రం మిగిలాడు. ఏ చెక్క ఎవరిదో, మనవాళ్లను ఎక్కడ దఫన్ చేస్తారో ఆయనకు నోటికొచ్చు. 1984లో ఆ పదవి రద్దయింది. మరుసటేడు మండలాలు, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. కరణాల పెత్తనం పోయినందుకు నాకు విచారం లేదు. కానీ నోటిమాట మీద నిలిచిన హక్కుకు ఇప్పుడు కాగితం కావాలి.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. మన దగ్గరున్న వక్ఫ్ గెజిట్టు, తాతల నాటి దస్తావేజు పాత నంబరే చెబుతాయి. రెండింటినీ ఎవరో ఒకరు జత చూడాలి. మనవాళ్లవి నాలుగైదు ఇళ్లే ఉన్న ఊళ్లో ఆ పని ఎవరు చేస్తారు? జనాజా లేచాక ఖబరస్తాన్ మనదేనని వాదించుకునే రోజు రాకూడదు.

అందుకే దాతలను ఈ ఏడాది ఒకటి అడుగుతున్నాను. పిల్లల ఫీజుల పక్కన నకళ్ల ఖర్చుకు, బస్సు చార్జీలకు కొంత సొమ్ము పెట్టండి. జకాతు ముట్టుకోనక్కర్లేదు, సదఖా చాలు. అడంగల్, సర్వే పటం నకలు తెచ్చి చూస్తే సగం సంగతి తేలుతుంది. తేడా కనబడితే ఊరివాళ్లతో కలిసి గ్రామసభలో అర్జీ ఇద్దాం, తహశీల్దారుకూ ఇద్దాం. పక్క పొలం రైతును వెంట తీసుకెళ్లండి. ఆయన గట్టే మనకూ గట్టు, ఆయన్ని మించిన సాక్షి లేడు.

అడంగల్ చదవడం వచ్చిన మాస్టార్లం కొందరం ఉన్నాం. ఆదివారాలు అసర్ నమాజు తరువాత సొసైటీ ఆఫీసులో కూర్చుంటాం. దస్తావేజు ఉంటే తీసుకురండి. నంబరు తెలియకపోతే ఊరి పేరు చెప్పండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.